యూకేజీ పట్టభద్రులారా, వర్ధిల్లండి!

మార్చి వస్తే చాలు, ఊళ్లో ఎటు చూసినా పట్టభద్రులే. సెంటర్లో ఫ్లెక్సీ, ఆటో వెనక ఫ్లెక్సీ, కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ. నల్ల గౌను, నలుచదరపు టోపీ, చేతిలో ఎర్ర రిబ్బను కట్టిన కాగితం చుట్ట. ఫొటో కింద పేరు, పేరు పక్కన ‘గ్రాడ్యుయేట్’. వయసు అయిదు. కొందరికి అదీ నిండలేదు. శాసనమండలి పట్టభద్రుల స్థానానికి పోటీచేసేవాళ్లు ఎందుకు ఊరికే కూర్చున్నారో నాకు అర్థం కావడం లేదు. ఆ జాబితాలో పేరెక్కాలంటే డిగ్రీ వచ్చి మూడేళ్లు నిండాలంటారు. మూడో తరగతి అయ్యేసరికి వీళ్లందరికీ ఆ అర్హత వచ్చేస్తుంది. ఇప్పటినుంచే చాక్లెట్లు పంచుకోవడం మంచిది.

ఇదంతా దేనికండీ అని అడిగితే ప్రిన్సిపాల్ మేడమ్ చెప్పే మాట ఒకటే: ‘ట్రాన్సిషన్’. పసివాడు ఒక దశ నుంచి ఇంకో దశకి అదురూ బెదురూ లేకుండా వెళ్లాలట. అందుకు వేడుక కావాలట. విన్నవాళ్లు తలలూపుతారు, నేనూ ఊపాను. తీరా ఆ రెండో దశ ఎక్కడుందయ్యా అంటే అదే బిల్డింగులో మెట్లెక్కితే ఫస్ట్ ఫ్లోర్. గ్రౌండ్ ఫ్లోర్‌లో యూకేజీ, పైన ఒకటో తరగతి. మధ్యలో పదహారు మెట్లు, ఒక వాటర్ ఫిల్టరు. దానికి స్నాతకోత్సవం.

సర్కారువారు మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెడతారు. ఎండకి పిల్లలు తట్టుకోలేరని. సరిగ్గా ఆ రోజుల్లోనే వీళ్లకి నల్లటి పాలిస్టరు గౌను తొడుగుతారు. అద్దె గౌను. ఏ సైజువాడికైనా ఒకటే సైజు, మెడ దగ్గర పిన్నీసు, నేలమీద జీరాడే అంచు. టోపీ జారి ముక్కు మీద పడుతుంది. దాన్నుంచి వేలాడే కుచ్చుని సగంమంది పట్టభద్రులు నోట్లో పెట్టుకుని నములుతుంటారు. ఒక పట్టభద్రురాలికి స్టేజీ మీదే నిద్రొస్తుంది. ఇంకో పట్టభద్రుడు పట్టా అందుకోబోతూ "మిస్, సుస్సు" అంటాడు. నా దృష్టిలో ఆ సభలో అర్థవంతమైన ప్రసంగం అదొక్కటే.

మా మనవడి స్నాతకోత్సవానికి తాతల కోటాలో నేనూ వెళ్లాను. ముఖ్య అతిథి వచ్చేదాకా పిల్లల్ని షామియానా కింద గౌన్లతోనే కూర్చోబెట్టారు. ఆయన ఎప్పటికో వచ్చాడు. వచ్చి, ఈ పిల్లలు రేపటి శాస్త్రవేత్తలు, కలెక్టర్లు, సీఈవోలు అని చెప్పాడు. రేపటి కలెక్టర్లు అప్పటికే బూట్లు విప్పేసి, లేసులు ఒకరివొకరికి ముడేసుకుంటున్నారు. పిల్లల చేత ప్రతిజ్ఞ కూడా చేయించారు, ఇంగ్లీషులో. అందులో ఉన్న ‘పర్సివరెన్స్’ అనే మాట పలకడానికి ముఖ్య అతిథే తడబడ్డాడు. ఫొటోగ్రాఫరు మాత్రం ఎక్కడా తడబడలేదు. గౌను అద్దె వేరు, ఫొటో వేరు, ఫ్రేము వేరు, వీడియో వేరు. రసీదు అన్నిటికీ కలిపి ఒకటే, ‘యాక్టివిటీ ఫీ’ అని.

అసలు ఈ గౌను కథేమిటో ఒకసారి చూద్దాం. 2010 ఏప్రిల్‌లో భోపాల్‌లో అటవీ నిర్వహణ సంస్థ స్నాతకోత్సవానికి కేంద్రమంత్రిగా వెళ్లిన జైరాం రమేశ్, ఈ వలసపాలన కాలపు వేషం మనకెందుకంటూ అందరి ముందూ ఆ గౌను విప్పేశాడు. అప్పట్లో ఆయన రాజ్యసభలో మన ఆంధ్రప్రదేశ్ సభ్యుడే. 2015లో యూజీసీ కూడా స్నాతకోత్సవాల్లో చేనేత బట్టలు కట్టుకోండని విశ్వవిద్యాలయాలకు సలహా ఇచ్చింది. ఆ తర్వాత కండువాలతో, ఖాదీతో పట్టాలిస్తున్న చోట్లు చాలానే ఉన్నాయి. విశ్వవిద్యాలయం విడిచేసిన గుడ్డని ఎత్తి యూకేజీ పిల్లాడికి తొడిగిన ఘనత మాత్రం మనదే. అమెరికాలో ఉన్న మా చుట్టాలు, అక్కడా కిండర్‌గార్టెన్‌కి ఇలాంటి వేడుక ఉందని గర్వంగా చెప్పారు. ఉంటుంది. అక్కడ వీధి చివరి సర్కారు బడికి ఫీజు లేదన్న సంగతి కూడా ఉంది. దాన్ని దిగుమతి చేసుకోవాలని ఎవరికీ తోచలేదు.

మనకి లేని వేడుకా ఇది? బాసర వెళ్లి పిల్లవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరం దిద్దించి వస్తాం. వెళ్లలేనివాళ్లు ఇంట్లోనే పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టి రాయిస్తారు. అక్కడ పంతులుగారు ఎవరికీ పట్టా ఇవ్వడు. చదువు మొదలైంది నాయనా, ఇక కష్టపడు అని అక్షింతలు వేస్తాడు. మొదలుపెట్టిన వేడుకనే మర్చిపోయి, ముగిసిందని వేడుక చేయడం మొదలుపెట్టాం. అ నుంచి క్ష దాకా ఇంకా కూడబలుక్కుంటున్న పిల్లవాడికి చదువైపోయిందని సర్టిఫికెట్. దాని మీద బంగారు రంగు సీలు, యాజమాన్యం సంతకం, ‘విత్ హానర్స్’. అందరికీ హానర్సే. ఫీజు బాకీ ఉన్నవాళ్లకి మాత్రం సర్టిఫికెట్ ఆఫీసులో తీసుకోమన్నారు.

ఇక స్నాతకోత్సవం అయిన నెలకి ఇంటికొచ్చేది ఇంకో కాగితం. రీ-అడ్మిషన్ ఫీజు. అదే బడి, అదే ఆయా, అదే బస్సు, అదే వాటర్ ఫిల్టరు. కానీ పట్టభద్రుడైపోయాడు కనుక మళ్లీ చేర్చుకోవాలట! పదహారు మెట్లకి ఇంత టోల్‌గేటు జాతీయ రహదారుల మీద కూడా లేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆ గౌను ఎందుకు తొడిగారో. బయటికి పంపినట్టు చూపిస్తేనే కదా మళ్లీ లోపలికి రానిచ్చినందుకు డబ్బు అడగగలిగేది.

ఈ అయిదేళ్ల పట్టభద్రుడే ఇంకో పదిహేను, పదహారేళ్లకి ఇంజినీరింగో డిగ్రీయో నిజంగా పూర్తిచేస్తాడు. అప్పుడు పట్టా చేతికొస్తుందన్న నమ్మకం లేదు. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏ ప్రభుత్వం వచ్చినా పేరుకుంటూనే ఉన్నాయి. సర్కారు డబ్బు రాలేదు కాబట్టి నువ్వు కట్టు, కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వం అని కాలేజీలు పట్టుకు కూర్చోవడం రెండు రాష్ట్రాల్లోనూ ఏటా చూస్తున్నదే. చదవనివాడికి వేదిక మీద పట్టా, చదివినవాడికి కౌంటరు దగ్గర ‘తర్వాత రండి’.

గౌను గురించి ఇంతసేపు ఎందుకు తిడుతున్నానంటే, దాని వెనకున్న బ్రోచరు అంతకంటే ప్రమాదకరమైనది కాబట్టి. ‘నర్సరీ నుంచి ఐఐటీ దాకా ఒకే దారి.’ దారి వంకర లేకుండా, గుంత లేకుండా వేశారట. ఎల్‌కేజీలో ఏం నేర్పుతారో యూకేజీతో ముడిపడి ఉంటుంది, అది ఒకటో తరగతితో, అలా పైదాకా. వినడానికి ఎంత బాగుందో! పెద్దపెద్ద విద్యావేత్తలు కోరుకున్నదీ అదేనంటారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడో ఏడు నుంచి పద్దెనిమిదో ఏడు దాకా అయిదు, మూడు, మూడు, నాలుగేళ్లుగా విడగొట్టి ఒక వరస పెట్టింది. మొదటి అయిదేళ్లూ ఆటపాటలతోనే నేర్పమంది. మనవాళ్లు ఆ వరసని శిరసావహించి, అందులోంచి ఆటపాటల్ని మాత్రం తీసేశారు.

ఎందుకంటే ఈ దారిని వేసింది కింది నుంచి పైకి కాదు. ముందు స్లాబు పోసి, దాని కింద గోడలు కట్టుకుంటూ వచ్చి, చివర్లో పునాది తవ్వినట్టుంది వ్యవహారం. ఐఐటీ ప్రవేశపరీక్షలో ఏముందో చూసి ఇంటర్‌ని దిద్దారు. ఇంటర్‌ని చూసి తొమ్మిదిని దిద్దారు. తొమ్మిదిని చూసి ఆరుని. ఒకప్పుడు హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్యగారి దగ్గర ఐఐటీ కోచింగ్ అంటే ఇంటర్ వయసు పిల్లల మాట. ఆయన దగ్గర సీటుకి పరీక్ష, ఆ పరీక్షకి వేరే కోచింగ్ అని జనం నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వులోంచే వ్యాపారం పుట్టింది. ఇప్పుడు ఆరో తరగతిలో ‘ఫౌండేషన్’, మూడో తరగతిలో ‘ప్రీ-ఫౌండేషన్’, ఒకటో తరగతిలో ఒలింపియాడ్. ఇంకొన్నాళ్లు ఆగితే సీమంతం నాడే మాక్ టెస్టు పెడతారు.

2024 జనవరిలో కేంద్రం ఒక మార్గదర్శకం ఇచ్చింది. పదహారేళ్లు నిండనివాళ్లని, పది పూర్తికానివాళ్లని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని. మన యాజమాన్యాలు దాన్ని చదివి హాయిగా నవ్వుకుని ఉంటాయి. మాది కోచింగ్ సెంటరు కాదండీ, స్కూలు. పుస్తకం కోచింగుది, పరీక్ష కోచింగుది, ర్యాంకుల బోర్డు కోచింగుది, బల్ల మాత్రమే స్కూలుది. ఈ కిటుకుకి ‘ఇంటిగ్రేటెడ్’ అని పేరు. పొద్దున లేచి బస్సెక్కిన పదేళ్ల పిల్లవాడు స్టడీ అవర్ ముగించుకుని దీపాలు పెట్టే వేళకి ఇంటికొస్తాడు. ఆదివారం వీకెండ్ టెస్టు. సెక్షన్ మారడమే వాడికి తెలిసిన ట్రాన్సిషన్: మార్కులొస్తే పై సెక్షన్, తగ్గితే కింది సెక్షన్, నెలనెలా.

ఇంకోవైపు అసర్ సర్వే 2024లో చెప్పిందేమిటి? దేశంలో పల్లెటూళ్ల సర్కారు బడుల్లో అయిదో తరగతి పిల్లలకి రెండో తరగతి పాఠం ఇచ్చి చదవమంటే, చదివినవాళ్లు 44.8 శాతం. మిగతా సగానికి పైగా పిల్లల్ని ఆరులోకి, ఏడులోకి నెట్టుకుంటూ పోతున్నాం. ఎక్కడ ఆగిపోయావు నాయనా అని వెనక్కి తిరిగి అడిగేవాడు లేడు.

పదో తరగతి నుంచి ఇంటర్‌కి వెళ్లే దారిని మాత్రం నిజంగానే మెత్తగా పరిచారని ఒప్పుకోవాలి. ఆ పని చేసేది ప్రైవేటు ఇంటర్ కాలేజీ పీఆర్వో. పిల్లవాడింకా పదో తరగతి సిలబస్ పూర్తిచేయకముందే ఆయన ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంటాడు. నాన్న పేరు, జీతం, పొలం ఎన్ని ఎకరాలు, బావగారి పిల్లలు ఎక్కడ చదివారు, అన్నీ ఆయన దగ్గరుంటాయి. ‘ఇప్పుడు కడితే డిస్కౌంట్, రేపటికి సీట్లుండవు.’ నోటిఫికేషన్ రాకముందు అడ్మిషన్లు తీసుకోకూడదని ఇంటర్ బోర్డు ఏటా హెచ్చరిస్తుంది, ఏటా ఆ హెచ్చరిక పేపర్లో వచ్చిన రోజునే పక్క పేజీలో అడ్మిషన్ల ప్రకటన ఉంటుంది. చివరి పరీక్ష రాసిన చేతికి సిరా ఆరకముందే బ్రిడ్జి కోర్సు. ఏ రెండు ఒడ్లకి ఈ వంతెన అని అడక్కండి. అది వేసవి సెలవుల మీదుగా వేసింది.

ప్రభుత్వాలు ఊరుకున్నాయా? లేదు, పేర్లు పెట్టాయి. తెలంగాణలో 2014లో ‘కేజీ టు పీజీ’ అన్నారు. సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో 2023లో ఒక ప్రాంగణం తెరిచారు. మిగతా ఊళ్లలో ఆ నినాదాన్ని ప్రైవేటు బళ్లు ఫ్లెక్సీల మీద వాడుకుంటున్నాయి. ఇటు కేంద్రం ఒక్కో విద్యార్థికి ‘అపార్’ అని పన్నెండంకెల నంబరు ఇచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటే, బడి రిజిస్టర్లో వెనకుంటే, ఆ పిల్లవాడు అపార్ దృష్టిలో పుట్టనేలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో జీవో 117 అని ఒకటి వచ్చింది. పిల్లల చదువు వరసగా సాగాలని ఆరు రకాల బళ్లు చేశారు: శాటిలైట్ ఫౌండేషన్, ఫౌండేషన్, ఫౌండేషన్ ప్లస్, ప్రీ హైస్కూల్, హైస్కూల్, హైస్కూల్ ప్లస్. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. నేలమీద జరిగిందేమిటంటే, ఊళ్లో బడి నుంచి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని విడదీసి దూరంగా ఉన్న హైస్కూలుకి తోలారు. ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటాలి. రెండో తరగతి చదివే తమ్ముడు ఊళ్లో బడికి, అక్క అవతలి బడికి. అమ్మ పొలం వెళ్లాలా, పిల్లల్ని దిగబెట్టాలా? ఆ ఏడాది జులైలో ఎన్ని ఊళ్లలో తల్లులు బడి ముందు బైఠాయించారో పేపర్లు చదివినవాళ్లకి గుర్తుంటుంది. 2025లో ఆ జీవోని రద్దుచేశారు. సంతోషం. ఆరు రకాలకి బదులు తొమ్మిది రకాల బళ్లు వచ్చాయి. ఇన్ని రకాల బళ్లకి పేర్లు ఆలోచించే ఓపిక ఉన్నవాళ్లకి, తరగతికొక టీచర్ని వేసే ఓపిక ఒక్క రకం బడిలో తప్ప రాలేదు. దానికి మోడల్ ప్రైమరీ స్కూలని పేరు. తరగతికో పంతులు ఉండటం ఈ దేశంలో మోడల్ అయిపోయింది. సిగ్గుండాలి.

పిల్లవాడు ఒక బడి నుంచి ఇంకో బడికి సులువుగా మారాలంటే కావలసింది వేడుకా కాదు, వంతెనా కాదు. టీసీ. 2009 విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ఈ ముక్క ఎంత స్పష్టంగా చెప్పాలో అంత స్పష్టంగా చెప్పింది. అడిగిన వెంటనే హెడ్మాస్టరు టీసీ ఇవ్వాలి. అది రాలేదన్న సాకుతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. ఆలస్యం చేసిన హెడ్మాస్టరు మీద క్రమశిక్షణ చర్య తీసుకోవాలి. ఇన్నేళ్లలో ఆ చర్య ఎవరి మీదైనా పడిందని నేను వినలేదు. నేను చూసింది వేరే. జూన్‌లో కూలి పోగొట్టుకుని ప్రైవేటు బడి గేటు ముందు నిలబడే తండ్రి. పాత బాకీ కడితేనే టీసీ అనే క్లర్కు. టీసీ లేకపోయినా పర్లేదు, పంపండి అనే మంచి సర్కారు హెడ్మాస్టరు. తీరా ఆయన బడిపిల్లల వివరాలుండే యూడైస్ పోర్టల్‌లో పేరెక్కించబోతే, పాత బడివాళ్లు పిల్లవాణ్ని ‘డ్రాప్ బాక్స్’లో వదలలేదు. వాళ్లు వదిలేదాకా కంప్యూటరు ఒప్పుకోదు. కంప్యూటరు ఒప్పుకోనిదే ఆ పిల్లవాడి పేర పుస్తకాలూ యూనిఫామూ లెక్కలోకి రావు. పాత కాలంలో టీసీ బీరువాలో తాళం పడేది, ఇప్పుడు పాస్‌వర్డ్ పడుతోంది. పిల్లవాడు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఇంట్లోనే.

ఇంకో సంగతి. ఆ చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకానే. అంటే బడిలో అడుగుపెట్టే ఎల్‌కేజీకీ లేదు, బడి దాటే ఇంటర్‌కీ లేదు. పిల్లవాడికి అసలు కష్టమైన మలుపులు ఆ రెండే. చట్టం లేని ఆ రెండు చోట్లే వ్యాపారమంతా గుడారం వేసింది. అంగన్‌వాడీ ఒక శాఖది, బడి ఇంకో శాఖది, ఇంటర్‌కి 1971 నుంచీ వేరే బోర్డు, డిగ్రీకి ఉన్నత విద్యామండలి. ఒక గడప దాటాక పిల్లవాడు ఏమయ్యాడో రెండో గడపవాళ్లు అడగరు. అడిగేవాడు పీఆర్వో ఒక్కడే.

ఇంటర్ హాస్టళ్ల సంగతి తలుచుకుంటే వెటకారం రావడం లేదు. ఇంటి నుంచి, తెలుగు మీడియం నుంచి, ఊరి నుంచి పదిహేనేళ్ల పిల్లని ఒక్కసారిగా తెచ్చి, కిటికీకి ఇనుప జాలీ వేసిన నాలుగో అంతస్తులో పెడతారు. పొద్దున చీకటితో లేపి రాత్రి దాకా చదివిస్తారు. ఫోను వారానికోసారి, అదీ వార్డెన్ పక్కన నిలబడితే. ఈ కాలేజీల్లో పిల్లల మీద ఒత్తిడి గురించి నీరదారెడ్డి కమిటీ 2001లోనే నివేదిక ఇచ్చింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చిన రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల లెక్కల్లో తప్పులున్నాయని తర్వాత తేలింది. అప్పుడూ కమిటీయే. ఇన్ని కమిటీల తర్వాత కూడా హాస్టల్లో ఎంతమందికి ఒక కౌన్సెలర్ ఉన్నారని అడిగితే, అడ్మిషన్ కౌన్సెలర్ల లెక్క చెబుతారు. ఫీజు గురించి మాట్లాడేవాళ్లే పిల్లవాడి మనసు గురించి కూడా మాట్లాడతారట. ఇంత సిగ్గు లేని జాతి ఇంకెక్కడైనా ఉంటుందా?

కాబట్టి, నర్సరీ నుంచి పీజీ దాకా ఒకే దారి అని ఇకమీదట ఎవరు ప్రకటించినా, నేను మూడే అడుగుతాను. అడిగిన రోజున టీసీ చేతికొస్తుందా? మా ఊరి బడిలో తరగతికో టీచరు ఉన్నాడా? పదో తరగతి ఫలితాలు రాకముందు డబ్బు కట్టించుకున్న కాలేజీకి ఒక్కదానికైనా గుర్తింపు పోయిందా? ఈ మూడింటికీ కొత్త విధానం అక్కర్లేదు, కొత్త పేరు అక్కర్లేదు, విదేశీ నిపుణులు అసలే అక్కర్లేదు. ఉన్న చట్టాన్ని చేత్తో పట్టుకుని బడి గేటు దగ్గరికి వెళ్లే మండల విద్యాధికారి ఒక్కడుంటే చాలు. మా మండలంలో ఆ పోస్టు ఖాళీ. పక్క మండలం హెడ్మాస్టరు ఇన్‌చార్జి. ఆయన్ని అడిగితే, తన బడికే లెక్కల పంతులు లేడు, ముందు అది చూడనివ్వండి అన్నాడు.